తువ్వాలు వేలాడుతున్నంతసేపు

ఫ్రిజ్ ఆపాలి. మళ్ళీ వేయడం మరిచిపోకుండా నా బడి బీరువా తాళాలు అందులో పెట్టాలి.
గోడగడియారంలో బ్యాటరీ తీసేయాలి.
వంటింటి కుళాయి కింద, చుక్కలు పడేచోట, మడత పెట్టిన గుడ్డ వేయాలి.
పెరటి తలుపు గొళ్ళెం గాలికి కొట్టుకోకుండా దారంతో కట్టాలి.
అమ్మనూ నాన్ననూ బట్టల కొట్టుకు పంపేయాలి. అమ్మను ముఖ్యంగా.
పక్కింటి పోస్టుమాన్ తాతయ్యకు ముందే చెప్పాలి.
ఫోన్లు పరుపు కింద పెట్టాలి.
తమ్ముడి గది నేల తడిగుడ్డతో తుడవాలి, దుమ్ముంటే వాడికి దగ్గు వస్తుంది.
ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేయాలి, అది సన్నగా గీపెడుతుందట. వాడి పని.
తలుపుకు తువ్వాలు వేలాడదీయాలి. అదీ వాడి పనే.
ఆ తర్వాత నేను చేయాల్సింది ఒక్కటే. ఏం వినబడినా లోపలికి వెళ్ళకూడదు.

అన్నీ చేశాను. రాసుకున్న వరుసలోనే చేశాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటిదాన్ని నేను, చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప ఆ డిగ్రీ నాకు వేరే విద్య పెద్దగా నేర్పలేదు. నాన్న కూర్చుని కుట్టే పీట తెచ్చుకుని తమ్ముడి గది తలుపుకు ఎదురుగా కూర్చున్నాను, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బళ్ళో పరీక్షకు కాపలా కూర్చున్నట్టు. ఫ్రిజ్ ఆగిపోయాక గానీ తెలియలేదు అది ఇన్నాళ్ళూ ఎంత మాట్లాడేదో. గడియారం ఆగింది గానీ మధ్యాహ్నం ఆగలేదు, కిటికీలోంచి పడ్డ ఎండ గచ్చు మీద పాకుతూ తలుపు వైపు పోతోంది. తలుపు పిడికి ఎర్రగళ్ళ తువ్వాలు. దాని కింద వాడి చెప్పులు, ఒకటి బోర్లా పడి ఉంది. దాన్ని సరిగ్గా తిప్పి పెట్టాలని చెయ్యి లాగుతోంది, కానీ లేస్తే పీట కిర్రుమంటుంది, కిర్రుమన్నది మైకులో పడుతుంది, పడితే ఇన్నాళ్ళ పని పోతుంది. చెప్పుల వంకే చూస్తున్నాను. అవి బయట ఉన్నాయంటే వాడు లోపల వట్టి కాళ్ళతో ఉన్నాడు. నేల నేనే తుడిచాను. ఆరిందా? ఎండ వచ్చే గది కాదది, చప్పుడు పడకుండా గోడలతో పాటు కిటికీని కూడా బొంతలతో మూసేశాడు. ఆరే ఉంటుందిలే. పొద్దున తుడిచాను కదా. పొద్దున కాదు, వాడు లేచాక, స్నానానికి వెళ్ళినప్పుడు, అంటే మరీ పొద్దున కాదు.

లోపల ఏదో కదిలింది. తీగ బిగిస్తున్నాడు కాబోలు.

వాడు చేసేదాన్ని బ్లాక్ మెటల్ అంటారట. మొదటిసారి వినిపించినప్పుడు స్పీకరు పాడైందిరా అన్నాను, వాడు నొచ్చుకోలేదు, "అలాగే ఉండాలక్కా" అన్నాడు. రేకు డబ్బాలో తేనెటీగల గుంపును మూసిపెట్టి డబ్బాను ఊపితే ఎలా ఉంటుందో గిటారు అలా ఉంటుంది, డ్రమ్ములు రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు ఉంటాయి, వీటన్నిటి వెనకాల ఎక్కడో దూరంగా, నాలుగిళ్ళ అవతల, ఎవరో ఒకాయన గొంతు చించుకుని అరుస్తుంటాడు, ఆయన మన తమ్ముడే అని నమ్మడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇందులో చాలామంది ఒంటరిగానే చేసుకుంటారట, అన్ని వాయిద్యాలూ ఒక్కరే. వాడు పగలు ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ బాగుచేసే షాపులో పనిచేస్తాడు, సెలవురోజుల్లో ఆ గదిలోకి దూరతాడు. ముందు డ్రమ్ములు. పాట ఇంకా ఎక్కడా లేదు, వాడి తలలో తప్ప, ఆ లేని పాటకు తోడుగా మొదటి నుంచి చివరి దాకా డ్రమ్ములు కొట్టేస్తాడు. ఆ తర్వాత ఆ డ్రమ్ములు వింటూ బేసు, ఆ రెండూ వింటూ గిటారు, అన్నీ అయ్యాక గొంతు. ఇంకా రాని వాళ్ళతో కలిసి వాయిస్తున్నట్టుంటుందన్నాడు ఒకసారి. "నలుగురి పని ఒక్కడివే చేస్తే ఆ నలుగురూ కొట్టుకోరట్రా?" అని నాన్న అడిగితే, "కొట్టుకుంటారు నాన్నా, అందులో ఒకడు చెప్పిన టైముకు ఎప్పుడూ రాడు" అన్నాడు. నాన్న చాలాసేపు నవ్వుకున్నాడు, మిషను తొక్కుతూ తొక్కుతూ మళ్ళీ నవ్వాడు.

ఆల్బం పేరు మిట్టమధ్యాహ్నం. షాపులో వాడితో పనిచేసే స్నేహితుడు, వాడికి ఈ పాటలు అలవాటు చేసినవాడే, పేరు విని వెక్కిరించాడు. "ఇలాంటి పాటల్లో చీకటుండాలిరా, మంచుండాలి, అడవుండాలి. నువ్వేంటి ఎండంటావు? గొడుగు కూడా ఇస్తావా సీడీతో పాటు?" వాడు తలెత్తకుండా మోటారు విప్పుతూ చెప్పాడు, "నాకు భయం మధ్యాహ్నమేరా." నేను ఆ రోజు షాపుకు మిక్సీ తీసుకెళ్ళాను కాబట్టి విన్నాను. ఆ స్నేహితుడికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది, అర్థమయ్యాక మిక్సీ అక్కడే వదిలేసి వచ్చేశాను.

డ్రమ్ములు మొదలయ్యాయి. కాదు, డ్రమ్ములు ఎప్పుడో అయిపోయాయి, అవి వాడి హెడ్‌ఫోన్లలో ఉన్నాయి, నాకు వినబడవు. నాకు వినబడేది నేల మీద వాడి మడమ తాళం వేస్తున్న చప్పుడు. వట్టి మడమ. ఇవాళ్టిది చివరి పాట. ఇన్నాళ్ళూ గిటారు ఒక రోజు, గొంతు ఒక రోజు. ఈ ఒక్క పాటకు రెండూ ఒకేసారి కావాలన్నాడు, చేతిలో తీగలు మోగుతుండగానే అరవాలన్నాడు, అరిచాక ఆంప్లిఫయరు గుయ్‌మంటూ ఉండాలి, ఆ గుయ్‌మనడం దానంతటదే ఆగేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, అదే ఆల్బం ఆఖరు. ఆ ఆంప్లిఫయరు ఎవరో పారేస్తే తెచ్చి బాగుచేసుకున్నాడు. దాని మూలన వేలు పెడితే ఒక్కోసారి చిన్నగా జిల్లుమంటుంది. నాన్న ఒకసారి దాని మీద టేపు పెట్టబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఇది కరుస్తోందిరోయ్." "ఎర్త్ లేదు కదా నాన్నా, అంతే" అన్నాడు వాడు.

ఎర్త్ లేదు. ఆ గదిలోనే కాదు, ఇంట్లోనే లేదు.

మొదటిసారి వాడు గొంతు రికార్డు చేసిన రోజు మాలో ఎవరికీ ముందుగా చెప్పలేదు. అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. గదిలోంచి అరుపు. చేతిలో గిన్నె ఎక్కడ పడేసిందో, ఎలా పరిగెత్తిందో, నేను చూసేసరికి భుజంతో తలుపును గుద్దేసింది, లోపలి గడియ మేకులతో సహా ఊడి కింద పడింది. వాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ వాడి రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది, అరచేతులు, వేళ్ళ సందులు, మోచేతులు. ఎక్కడా కాలలేదని తేలాక చెంప మీద ఒక్కటిచ్చింది. "పాడుతున్నానమ్మా" అన్నాడు వాడు. "దీన్ని పాడటమంటారట్రా" అంది, అని గోడ బొంతకు ఆనుకుని అలా కిందికి జారి కూర్చుండిపోయింది, మేమిద్దరం మంచినీళ్ళు పట్టుకుని అటూ ఇటూ నిలబడ్డాం. ఆ సాయంత్రమే తువ్వాలు నియమం పుట్టింది. తువ్వాలు ఉంటే పాట, తువ్వాలు లేకపోతే నిజం. గడియ మళ్ళీ బిగించనివ్వలేదు అమ్మ. అంటే ఇప్పుడు నా ఎదురుగా ఉన్న ఈ తలుపును మూసి ఉంచుతున్నది ఆ గుడ్డముక్క ఒక్కటే, వేలితో నెట్టినా తెరుచుకుంటుంది.

తర్వాత అలవాటు పడిపోయాం. అదే నన్ను ఇప్పుడు భయపెడుతున్నది, ఎంత బాగా అలవాటు పడిపోయామో. వాడు లోపల గావుకేకలు పెడుతుంటే నాన్న సూదిలో దారం ఎక్కించేవాడు, నేను పిల్లల పేపర్లు దిద్దేదాన్ని, పోస్టుమాన్ తాతయ్య గోడ అవతలి నుంచి "ఏమ్మా, మీవాడికి కడుపునొప్పి తగ్గిందా?" అనేవాడు, "ఇంకా రెండు పాటలున్నాయి తాతయ్యా" అనేదాన్ని. అమ్మ మాత్రం ఆ సమయానికి ఏదో పని కల్పించుకుని వీధి చివరి దాకా నడిచి వచ్చేది. ఒక ఇల్లు ఇల్లంతా, ఒక మనిషి అరిస్తే కదలకుండా ఉండటం నేర్చుకుంది. కష్టపడి, మాట ఇచ్చి, తువ్వాలు కట్టి నేర్చుకుంది. ఇప్పుడు నిజంగా అరిస్తే? తువ్వాలు ఉండగా నిజంగా అరిస్తే ఏం చేయాలో మేం అనుకోలేదు, ఆ మాట ఎవరికీ తట్టలేదు, ఎంత తెలివితక్కువ వాళ్ళం, ఇది బళ్ళో పిల్లలకు కూడా తడుతుంది.

గిటారు. అదిగో. తలుపు కింది సందులోంచి ముందు కాళ్ళకు తెలిసింది, తర్వాత చెవులకు. నెమ్మదైన పాట. వాడి పాటల్లో ఇంత నెమ్మదైనది లేదు, మిగిలినవన్నీ పరుగులు, నిచ్చెన, బెల్టు, చేతొడుగులు, తీగ మీద కాకులు, పాటల పేర్లే అలాంటివి, విన్నవాళ్ళకు ఏమీ తెలియదు, మాకు అన్నీ తెలుసు. ఈ పాటకు పేరు పెట్టలేదు.

నిచ్చెన మావయ్యది. బెల్టు మావయ్యది. అమ్మ తమ్ముడు, లైన్‌మన్, మా వీధిలో అందరికీ కరెంటు మావయ్య, వాళ్ళకు వరస కాకపోయినా. ఈ ఇంటికి వైరింగంతా ఆయనే చేశాడు, సెలవురోజుల్లో వచ్చి, అమ్మ పెట్టే టీకి పనిచేస్తున్నానని చెప్పుకుంటూ. మెయిన్ స్విచ్ నల్ల పిడి ఉన్న ఇనప డబ్బా, పిల్లలకు అందకూడదని ముందు గదిలో ఎత్తుగా బిగించాడు. ఆకుపచ్చ ఎర్త్ వైరు కొని, చుట్ట చుట్టి, అప్పుడు సామానుగది అయిన ఇదే గదిలో మేకుకు తగిలించాడు. "ఎర్త్ గొయ్యి వచ్చే వారం తవ్వుతాలే అక్కా, నడుం పట్టేసింది." ఆ చుట్ట ఇప్పటికీ ఆ మేకుకే ఉంది, బొంత వెనకాల, గోడకు వీపులో బుడిపెలాగా. వాడు బొంతలు కట్టినప్పుడు కూడా దాన్ని తీయలేదు, దాని మీదుగానే కట్టాడు.

ఆయనకు ఒక ఆట ఉండేది. స్విచ్ బోర్డు మీద చెయ్యి పెట్టి ఒక్కసారిగా ఒళ్ళంతా ఊపేసుకుంటూ, నాలుక బయటపెట్టి, కళ్ళు తేలేసి, ఆఆఆ అని ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచేవాడు. మేం చేయాల్సింది ఆయన్ని ముట్టుకోవడం కాదు, ముట్టుకుంటే మేం కూడా చచ్చినట్టే, ఆటలోంచి అవుట్. పరిగెత్తుకెళ్ళి, పీట వేసుకుని, దాని మీద డబ్బా వేసుకుని, మెయిన్ లాగాలి. లాగితే ఆయన ధభీమని పడిపోయేవాడు. కాసేపు అలాగే పడి ఉండి, ఒక్క కన్ను తెరిచి, "మెయిన్ తీసిందెవర్రా?" అనేవాడు. "నేనే మావయ్యా." "అయితే బతికిపోయాను." ఎప్పుడూ తమ్ముడే ముందు పరిగెత్తేవాడు, నేను పీట తెచ్చిపెట్టేదాన్ని. అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చి, "చాల్లే వేషాలు, నిజంగా తగులుతుంది ఒకరోజు, అప్పుడెవరూ నమ్మరు" అనేది. "నాకు తగలదే అక్కా, దానికి నేనంటే మొహమాటం." ఇప్పుడు నేను ఆ పాఠమే చెబుతాను బళ్ళో. కరెంటు పట్టుకున్న మనిషిని ముట్టుకోరాదు, ముందు సరఫరా ఆపాలి. బోర్డు మీద రాస్తాను, పిల్లలు ఎక్కించుకుంటారు, నేను కిటికీ వైపు తిరిగి నిలబడతాను.

ఆ మధ్యాహ్నం మా వీధి మలుపులోని స్తంభం మీద ఉన్నాడు. బెల్టు వేసుకుని, వెనక్కి వాలి, హాయిగా, ఊయల్లో కూర్చున్నట్టు. లైను ఆపారని చెప్పారు, ఆపారు కూడా, అవతల ఎవరో మళ్ళీ వేశారు. కింద వీధి పిల్లలందరం ఉన్నాం, అమ్మ గుమ్మంలో ఉంది. అరిచాడు. అందరం నవ్వాం, పిల్లలు చప్పట్లు కొట్టారు, అమ్మ గుమ్మంలోంచి "చాల్లే వేషాలు, దిగు" అంది. తమ్ముడు మాత్రం చప్పట్లు కొట్టలేదు. వాడు పరిగెత్తాడు. ఇంట్లోకి, పీట వేసుకుని, డబ్బా వేసుకుని, ఈసారి నేను పక్కన లేకుండానే ఎక్కి, మా ఇంటి మెయిన్ లాగేశాడు. లాగి, బయటికొచ్చి, స్తంభం కింద నిలబడి, "మెయిన్ తీశా మావయ్యా" అని అరిచాడు. ఒకసారి కాదు. పైన ఆయన బెల్టుకు వేలాడుతున్నాడు, ఒక్క కన్నూ తెరవడం లేదు, వీడు నేను తీశా, నేనే తీశా అంటూనే ఉన్నాడు, తీసినవాడి పేరు చెబితే గానీ ఆయన లేవడని వాడికి తెలుసు. ఒకటో తరగతి పిల్లాడు. స్తంభానికి మా ఇంట్లో మెయిన్ ఉండదని వాడికెవరు చెప్పాలి. ఆ రోజు తర్వాత అమ్మ నోట చాల్లే అన్న మాట నేను వినలేదు, వడ్డించేటప్పుడు కూడా మేమే చెయ్యి అడ్డం పెట్టాలి.

పాట పెరుగుతోంది. తలుపు చెక్క సన్నగా వణుకుతోంది, తువ్వాలు అంచు కూడా. వణికేది తువ్వాలా, నా కళ్ళా.

పోయిన ఏడాది నాలుగు పాటలయ్యాక వాడు ఆగిపోయాడు. చేసినదంతా వేషంలా ఉందన్నాడు. షాపుకు వెళ్ళడం మానేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు, వాన పోయి చలి వచ్చింది, చలి పోయి ఎండ వచ్చింది, వాడి వీపే మాకు కనబడేది. పళ్ళెం పెట్టేవాళ్ళం, పళ్ళెం తీసేవాళ్ళం. అమ్మ రాత్రంతా మెలకువగా ఉండి వాడి ఊపిరి వినేది, నాన్న ఇంట్లోని తాళ్ళూ టేపులూ బ్లేడులూ ఏవో సర్దుతున్నట్టు సర్ది తన కుట్టు దుకాణంలో దాచేశాడు. ఒకరోజు నేను పళ్ళెం తీసుకోవడానికి వంగితే గోడవైపు నుంచే అడిగాడు. "అక్కా, మావయ్య ఆ రోజు అరిచింది నీకు గుర్తుందా?" గుర్తుందన్నాను. "నోరు తెరిచి అరిచాడా, మూసుకునా?" ఎప్పుడూ ఆలోచించని సంగతి అది, కానీ అడిగిన మరుక్షణం తెలిసిపోయింది, ఎప్పటి నుంచో తెలిసినట్టే. ఆట అరుపుకు నోరు తెరిచి ఉండేది, పొడుగ్గా, కప్పు ఎగిరిపోయేలా. ఆ రోజుది పొట్టిది. పళ్ళ వెనకాల నుంచి వచ్చింది. ఎవరో లోపలి నుంచి కుళాయి కట్టేసినట్టు సగంలో తెగిపోయింది. "మూసుకునేరా" అన్నాను. వాడు ఇటు తిరిగాడు. ఎన్నాళ్ళకో వాడి మొహం చూశాను. "నేను ఇన్ని పాటలూ నోరు తెరిచి పాడానక్కా" అన్నాడు. మర్నాడు గడ్డం గీసుకుంటానని బ్లేడు అడిగాడు, నాన్న తెచ్చి ఇచ్చి, గీసుకున్నంతసేపూ పక్కనే నిలబడి కబుర్లు చెప్పాడు. షాపు యజమాని మళ్ళీ రమ్మన్నాడు. ఇవాళ పొద్దున తువ్వాలు చేతిలో పట్టుకుని నాతో అన్నాడు, "ఇది ఒక్కసారే వస్తుందక్కా. రెండోసారి చేస్తే వేషమైపోతుంది. మధ్యలో ఎవరైనా వస్తే ఇక నావల్ల కాదు." కాకపోతే? గోడ ఎక్కడికీ పోలేదు, మంచం పక్కనే ఉంది.

గిటారు ఒక్కచోట నిలబడిపోయింది. ఒకే స్వరం. ఆంప్లిఫయరు దాన్ని పట్టుకుని సాగదీస్తోంది. మడమ చప్పుడు ఆగింది.

అరుపు వచ్చింది.

పొట్టిది. పళ్ళ వెనకాల నుంచి. సగంలో తెగింది.

ఆ అరుపు నాకు తెలుసు. లోకంలో ఆ అరుపు తెలిసినవాళ్ళం కొద్దిమందిమే, అందులో ఒకరిని బట్టల కొట్టుకు పంపాను. ఎంత బాగా చేశాడు, అని ముందు అనిపించింది, అచ్చం అలాగే, కనుక్కున్నాడు, వాడు కనుక్కున్నాడు. వెంటనే, ఇంత అచ్చంగా ఎవరైనా చేయగలరా? ఏదో పడింది. మెత్తగా, బొంత మీద పడ్డట్టు. గుయ్‌మంటోంది ఆంప్లిఫయరు, దానంతటదే ఆగాలన్నాడు, ముట్టుకోవద్దన్నాడు. మడమ లేదు, దగ్గు లేదు, ఊపిరి లేదు, ఊపిరి ఈ చప్పుడులో ఎలాగూ వినబడదు, వినబడకపోతే లేనట్టు కాదు. తువ్వాలు ఉంది. తువ్వాలు ఉంటే పాట. చెప్పులు బయట ఉన్నాయి. నేల నేను తుడిచాను. తీగలు ఇనపవి, ఆంప్లిఫయరు కరుస్తుంది, ఎర్త్ వచ్చే వారం తవ్వుతానన్నాడు. "రేయ్" అందామని నోరు తెరిచాను, మాట మైకులో పడుతుందని మూశాను, నోరు మూసుకున్నాక భయమేసింది, నా పళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి. తలుపు నెట్టి చూడొచ్చు. చూస్తే ఏమవుతుంది, బాగుంటే వాడి పాట పోతుంది, గోడవైపు తిరుగుతాడు, బాగోకపోతే నేను వాడిని పట్టుకుంటాను, పట్టుకోకుండా ఉండలేను, ఏ పాఠమూ నన్ను ఆపదు, అప్పుడు ఇద్దరం. చూడటం వల్ల లాభం లేదు. చూడటానికి పట్టే సమయం కూడా వాడిదే. మెయిన్ లాగితే? బాగుంటే గుయ్‌మనడం తెగిపోతుంది, కంప్యూటరు ఆగిపోతుంది, ఆ అరుపు చెరిగిపోతుంది, ఒక్కసారే వచ్చేది పోతుంది. ఇలా అనుకుంటూ నేను ఇంకా పీట మీదే ఉన్నాను. అందరం ఇలాగే ఉన్నాం ఆ రోజు, మెడలు ఎత్తి, నవ్వుతూ, ఒక్క పిల్లాడు తప్ప. ఆ పిల్లాడు లోపల ఉన్నాడు. వాడికి పరిగెత్తేవాళ్ళెవరూ బయట లేరు, నేను తప్ప.

పీట కిర్రుమంది. పడిపోయింది కూడా. ముందు గది ఎంత దూరం, గచ్చు మీద కాలు జారింది, గోడ పట్టుకున్నాను, ఇప్పుడు డబ్బాలు అక్కర్లేదు, చెయ్యి చాపితే అందుతుంది నల్ల పిడి, బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో పట్టుకుని వేలాడినట్టు లాగాను.

గుయ్‌మనడం సన్నబడి, సన్నబడి, పోయింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. నేను ముందుగా ఆపేసిన వాటిలో ఒక్కటైనా ఆ క్షణంలో మోగుతుంటే బాగుండుననిపించింది, ఫ్రిజ్ గానీ, గడియారం గానీ, చుక్కలు గానీ. పిడి వదల్లేదు. కళ్ళు మూసుకున్నాను. దుకాణంలో నాన్న దాచిన తాళ్ళు కనబడ్డాయి. అమ్మ వాడి వేళ్ళ సందులు చూడటం కనబడింది. ఆమెకు ఎలా చెప్పాలో మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టాను, నిజంగానే, మొదటి మాట ఏది, కూర్చోమ్మా అనాలా.

అప్పుడు గదిలోంచి గొంతు. బొంగురుపోయి, అరిగిపోయి, ఎవరిదో అన్నట్టు.

"మెయిన్ తీసిందెవరు?"

నేను జవాబు చెప్పాలి. చెప్పకపోతే లేవడు. పిడిని ఇంకా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను. మళ్ళీ అడిగాడు, ఇంకొంచెం చిన్నగా, ఈసారి అడుగుతున్నది ఒకటో తరగతి పిల్లాడిలా అనిపించింది.

"నేనేరా" అన్నాను.

"అయితే బతికిపోయానక్కా" అన్నాడు.

తువ్వాలు ఉండగానే తలుపు తోశాను. చీకట్లో గోడ బొంతకు ఆనుకుని కూర్చున్నాడు, గిటారు ఒళ్ళో ఉంది, కళ్ళు తడిగా ఉన్నాయి. అమ్మ చూసినట్టే చూశాను, అరచేతులు, వేళ్ళ సందులు. ఏమీ లేదు, ఎప్పుడూ ఉండే కాయలు తప్ప. "కరెంటు కొట్టిందా?" "తెలీదు. కాసేపు కదల్లేకపోయాను. అరిచింది నేనేనా అనిపించింది." నేల మీద చెయ్యి వేసి చూశాను. మూలన ఇంకా తడిగానే ఉంది. పాట పోగొట్టానురా అన్నాను, ఏడుపు అప్పుడొచ్చింది. వాడు గడ్డంతో బల్ల వైపు చూపించాడు. ల్యాప్‌టాప్ తెర వెలుగుతూనే ఉంది, గీత ఇంకా నడుస్తూనే ఉంది. ఛార్జరు పీకేశాడు కదా, బ్యాటరీ మీద ఉంది కదా, ఆ వరుసలో నేనే రాశాను కదా. నా ఏడుపు కూడా రికార్డవుతోంది. "అది మాత్రం కోసేస్తాలే" అన్నాడు.

మిగిలినదేదీ కోయలేదు. మర్నాడు షాపుకు సెలవు పెట్టి, పెరట్లో గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి, బొంత వెనకాల నుంచి ఆకుపచ్చ వైరు చుట్ట తీసి ఎర్త్ వేశాడు. పోస్టుమాన్ తాతయ్య గోడ మీంచి తొంగి చూసి, "ఏంట్రా, ఇన్నాళ్ళూ పైకి అరిచావు, ఇప్పుడు పాతాళానికి వినిపిద్దామనా?" అన్నాడు. ఆల్బం అట్ట మీద ఎవరి బొమ్మా లేదు, ఎండలో తెల్లబోయిన ఒక స్తంభం. వెనకవైపు చిన్న అక్షరాలతో, వాయిద్యాలన్నీ, గొంతు, ఒక్కడే అని ఉంటుంది. దాని కింద ఇంకో వరుస. మెయిన్ స్విచ్, అక్క. అమ్మ పాటలు వినలేదు. ఒకరోజు తనే అడిగింది, ఆఖరున ఏదో మాటలున్నాయట కదా అని. వాడు హెడ్‌ఫోన్లు అమ్మ చెవులకు పెట్టి, అరుపు దాటించి, గుయ్‌మనడం ఆగిన చోటి నుంచి వినిపించాడు. విన్నంతసేపూ అమ్మ నేలకేసి చూసింది. హెడ్‌ఫోన్లు తీయబోతే వాడి చెయ్యి పట్టుకుని, మళ్ళీ పెట్టమంది.

ఈ ఆల్బం మీ చేతికి ఎప్పుడైనా వస్తే, పాటలు మీకు నచ్చకపోవచ్చు, నాకే చాలావరకు నచ్చవు. చివరి పాటలో చప్పుడు ఆగిపోయినప్పుడు మాత్రం పాడైందనుకుని ఆపేయకండి. ఆ తర్వాత ఒక పీట పడి ఉన్న ఇంట్లో ఇద్దరు మాట్లాడుకుంటారు. వాళ్ళ సంగతి వదిలేయండి, వాళ్ళు బాగానే ఉన్నారు. ఆ మాటలు ముందు అన్నాయన్ని, ఎర్త్ గొయ్యి వచ్చే వారం తవ్వుతానన్న మా కరెంటు మావయ్యను, ఒక్కసారి తలుచుకోండి. ఆయనకు మనుషుల్ని నవ్వించడమంటే చాలా ఇష్టం, నవ్వుతూ తలుచుకున్నా ఏమీ అనుకోడు.